పలక మీది మాట ఎవరిది?

“సరే, చూద్దాం. నాకేం భయం?” అని పలక టీచరు ఆదివారం పొద్దున్నకి ఒప్పుకుంది. అక్కడ ఆగాం మనం.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గువ్వకి పన్నెండేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క మాట పలకలేదు. చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. మందు పడ్డాక రెండేళ్ళుగా అవి మళ్ళీ తొంగిచూడలేదు. ఏడు నెలల కిందట ఆ ఇంటికి ఒక టీచరు వచ్చింది. అక్షరాలూ, గుణింతపు గుర్తులూ వరసలుగా రాసిన అట్టపలక బల్ల మీద పెట్టి, గువ్వ మణికట్టు కింద తన చెయ్యి ఆనించింది. గువ్వ వేలు అక్షరం తర్వాత అక్షరం మీద వాలింది. మొదట వచ్చిన మాట “అమ్మ”. ఆ రోజు గువ్వ తల్లి వంటింట్లోకి వెళ్ళి కొళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

పది రోజుల కిందట అదే పలక మీద “మందు వద్దు. తల మొద్దుబారుతోంది” అన్న మాట వచ్చింది. ఆపేద్దామని తల్లి, ఆపితే ఊరుకోనని తండ్రి. ఇద్దరి మధ్యా ఇరుక్కుంది తల్లికి చెల్లెలు. కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. పలక మీది మాట గువ్వదో కాదో ముందు తేల్చుకుందాం అన్నది ఆమే.

అలా అన్నందుకు ఆమె మూడు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ఎందుకంటే ఆ పలక ఆమెతోనూ మాట్లాడింది. “పిన్నీ, నువ్వు నవ్వితే బాగుంటావు” అని రాసింది. ఆ మాట పట్టుకుని ఆమె వారం పాటు దుకాణానికి గాలిలో తేలుతూ వెళ్ళింది. ఇప్పుడు పరీక్ష పెట్టడమంటే ఆ మాటని కూడా పరీక్షకి పెట్టడమే.

ఆదివారం పొద్దున్న తొమ్మిదికే ఆమె బావ, గువ్వ తండ్రి, వంటింట్లో తలుపు వేసుకుని కూర్చున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, చేతికి జిగురంటితే చిరాకు. గువ్వ చూసి చూసి అంచులు నలిగిపోయిన బొమ్మల పుస్తకం తీసుకుని, అందులోని బొమ్మలు రెండేసి ప్రతులు తీయించి, కవర్లలో పెట్టి అంటించాడు. ఎనిమిది జతలు. ఎర్ర గీత ఉన్నది టీచరుకి, నీలం గీత ఉన్నది గువ్వకి. కొన్ని జతల్లో రెండు కవర్లలోనూ ఒకే బొమ్మ. కొన్నింట్లో వేరువేరు. ఏ జతలో ఏముందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. అందుకే అతను గదిలోకి రాకూడదని షరతు.

“నా పెళ్ళి పత్రికలు కూడా ఇంత జాగ్రత్తగా అంటించలేదు” అన్నాడు, కవర్లు తలుపు సందులోంచి అందిస్తూ.

“మీ మొహం చూసినా ఎవరికో ఒకరికి అర్థమైపోతుంది బావా. అందుకే లోపలే ఉండండి” అంది చెల్లెలు.

ముందుగదిలో భోజనాల బల్ల మీద ఒక పెద్ద అట్ట నిలబెట్టారు. దానికి ఇటు టీచరు, అటు గువ్వ. కింద చెయ్యి పట్టేంత కిటికీ కోశారు. పలక ఇద్దరికీ కనిపిస్తుంది, ఒకరి బొమ్మ ఇంకొకరికి కనపడదు. గువ్వ పక్కన తల్లి, చెల్లెలికి అక్క, కూర్చుంది. కవరు చింపి, బొమ్మ గువ్వ వైపూ వెనక భాగం తన వైపూ ఉండేలా పట్టుకోవాలి, అంతే ఆమె పని. చెల్లెలు బల్ల చివర కూర్చుంది. గువ్వ వేలు ఏ అక్షరం మీద పడితే ఆ అక్షరం రాసుకోవడమే ఆమె వంతు.

పలక టీచరు ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో, తల నున్నగా దువ్వుకుని, పండగకి వచ్చినట్టు వచ్చింది. వస్తూనే గువ్వ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, “బంగారం, ఇవాళ మన ఇద్దరినీ పరీక్ష రాయమంటున్నారు. నాకు పదో తరగతి తర్వాత ఇదే మొదటి పరీక్ష” అంది. గువ్వ తన తండ్రి కొలతల టేపు బయటికి లాగి, టప్పున వదిలి, ఆ చప్పుడు ఎటు పోయిందో వెతుకుతున్నట్టు తల తిప్పింది.

చెల్లెలికి ఆ మనిషిని చూస్తే కోపం రాదు. అదే వచ్చిన చిక్కు. మోసగత్తె అయితే ఎంత బాగుండేది.

“టీచరుగారూ, మళ్ళీ ఒకసారి చెప్తాను. మీ బొమ్మా తన బొమ్మా ఒకటే కావచ్చు, కాకపోవచ్చు. మాకు కావలసింది తను చూసిన బొమ్మ పేరు. మధ్యలో ఆపాలనిపిస్తే ఆపేద్దాం. ఈ పద్ధతి మీకు సమ్మతమేనా?”

“సమ్మతమే తల్లీ. నా బొమ్మ నేను మనసులో కూడా పెట్టుకోను. తను ఎటు లాగితే అటు పోతాను.”

మొదటి జత. టీచరు చెయ్యి గువ్వ మణికట్టు కిందికి చేరింది. వేలు కదిలింది. త. దీర్ఘం. ళ. సున్న. చెల్లెలు రాసుకుంది: తాళం. రెండోది చకచకా వచ్చేసింది, పడవ. మూడోది గొడుగు. టీచరు ముఖంలో వెలుగు పెరుగుతోంది. నాలుగు, చెప్పులు. అక్క చెల్లెలి వంక చూసింది. చూశావా, అన్నట్టు.

అయిదో జతకి గువ్వ వేలు “దువ్వెన” రాసింది. కానీ రాస్తున్నంతసేపూ గువ్వ పలక వంక చూడలేదు. బొమ్మనే చూస్తూ ముందుకీ వెనక్కీ ఊగింది, కుర్చీ కిర్రుమనేలా. చెల్లెలు కాగితం అంచున చిన్నగా “ఊగింది” అని రాసుకుంది. ఆరు, గడియారం.

ఏడో జత దగ్గర టీచరు కవరు తెరిచి ఒక్క క్షణం తటపటాయించింది. గువ్వ వేలు పలక మీద గాలిలో తిరిగింది. క మీద వాలి లేచింది, మ మీద వాలి లేచింది. తర్వాత మెల్లగా, “అలిసిపోయాను” అని వచ్చింది.

“పాపం, అలిసిపోయిందట” అంది టీచరు, నుదురు తుడుచుకుంటూ.

“ఇంకొక్కటే” అంది చెల్లెలు. చివరిది, కుర్చీ.

అప్పుడు బావని పిలిచారు. అతను చేతులు కడుక్కుని వచ్చి, తన దగ్గరున్న జాబితా తీసి బల్ల మీద పెట్టాడు. చెల్లెలు తన కాగితం పక్కన పెట్టింది. ఇద్దరూ ఒకదాని తర్వాత ఒకటి చదివారు.

“ఒకటి, తాళం” అంది చెల్లెలు.

“ఇద్దరికీ తాళమే” అన్నాడు బావ.

“రెండు, పడవ.”

“ఇద్దరికీ పడవ.”

అక్క చేతులు జోడించుకున్నట్టు దగ్గరికి తెచ్చుకుంది.

“మూడు, గొడుగు.”

బావ గొంతు సవరించుకున్నాడు. “టీచరుగారికి గొడుగు. గువ్వకి అరటిపండు.”

నాలుగు ఇద్దరికీ చెప్పులే. అయిదు, టీచరుకి దువ్వెన, గువ్వకి ఉయ్యాల. ఆరు, టీచరుకి గడియారం, గువ్వకి బంతి. ఎనిమిది, టీచరుకి కుర్చీ, గువ్వకి రైలు.

“ఏడోది వదిలేశారు” అంది టీచరు.

“ఏడులో గువ్వకి పిల్లి బొమ్మ. మీకు…” బావ ఆగాడు. “మీకు తెల్ల కాగితం పెట్టానండీ.”

గువ్వ చూసిన అయిదు బొమ్మలు టీచరు చూడలేదు, ఆ అయిదింటిలో ఒక్కటీ పలక మీదికి రాలేదు. టీచరు చూసినవన్నీ వచ్చాయి. టీచరుకి ఏమీ కనిపించని చోట, ఏమీ రాలేదు.

“ఇలాంటి పరీక్షలు పిల్లలకి పడవమ్మా” అని మొదలుపెట్టింది టీచరు. “నమ్మకం లేనిచోట వాళ్ళు ముడుచుకుపోతారు. మాకు శిక్షణలో చెప్పారు. అనుమానపడేవాళ్ళ ముందు మాట రాదని…”

“మొదటి రెండూ వచ్చాయి కదండీ” అంది చెల్లెలు నెమ్మదిగా. “నాలుగోదీ వచ్చింది. అప్పుడూ నేను ఇక్కడే ఉన్నాను, ఇదే అనుమానంతో.”

టీచరు కాగితం తన వైపు తిప్పుకుని, గొడుగు అన్న మాట మీద వేలు పెట్టి, కిందికి దువ్వెన దగ్గరికి, గడియారం దగ్గరికి జరిపింది. తర్వాత అంది. “ఇవి నా బొమ్మలు.”

“అవునండీ.”

“నేను నెట్టలేదు తల్లీ. నా పిల్లల మీద ఒట్టు. నా చెయ్యి కదిలితే నాకు తెలీదా?”

“తెలీదండీ. అదే నేను చెప్పేది. మీరు నెట్టారని నేననట్లేదు.” చెల్లెలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక దర్జీ వచ్చాడు నా దగ్గరికి. పెద్దాయన. అక్షరాల చార్టు కింది వరస దాకా గడగడా చదివేశాడు. నేను మురిసిపోయి అద్దాలు రాసిచ్చేశాను. నాలుగో రోజు వెనక్కొచ్చాడు, సూదిలో దారం ఎక్కట్లేదమ్మా అని. మళ్ళీ కూర్చోబెట్టి చదివిస్తుంటే మా దుకాణం పెద్దావిడ వెనక నుంచి చూసి, నన్ను గోడ వైపు తిరగమంది. అంతే. ఒక్క అక్షరం చదవలేకపోయాడు. ఆయన చెప్పకముందే నా పెదాలు ఆ అక్షరం పలుకుతున్నాయట. ఆయన నా మొహం చదివాడు. ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. ఇద్దరం నిజాయితీపరులమే. సూది మాత్రం మా నిజాయితీ చూసి ఊరుకోలేదు.”

టీచరు వింటూ తన కుడి చేతిని తిప్పి చూసుకుంది, ఎవరిదో చెయ్యిలా.

“పదకొండు మంది పిల్లలు” అంది. “పదకొండు ఇళ్ళు. ఒక పిల్లాడు వాళ్ళ తాతకి ఉత్తరం రాశాడు. ఆయన దాన్ని పటం కట్టించుకున్నాడు.”

అప్పటిదాకా కదలకుండా కూర్చున్న అక్క మెల్లగా నోరు విప్పింది. “అయితే నన్ను అమ్మా అని పిలిచిందెవరు?”

ఆ ప్రశ్నకి బావ తల దించుకున్నాడు. చెల్లెలు ఈ మూడు రోజులుగా చాలా ప్రశ్నలకి జవాబులు సిద్ధం చేసుకుంది. ఇది వస్తుందని తెలుసు. అయినా దీనికి మాత్రం సిద్ధం చేసుకోలేకపోయింది.

టీచరే చెప్పింది. “నేనేనేమో అమ్మా. మిమ్మల్ని చూసిన రోజే అనుకున్నాను, ఈవిణ్ణి ఎవరైనా ఒకసారి అమ్మా అంటే బాగుండునని.”

అక్క ఆమెని కొట్టలేదు, తిట్టలేదు. లేచి వెళ్ళి కిటికీ రెక్క వేసింది, తీసింది. “పన్నెండేళ్ళు ఎదురుచూశానే” అంది చెల్లెలితో, వెనక్కి తిరక్కుండా. “ఏడు నెలలు వింటున్నాను. నీకేం పోయింది? దాన్ని నాకు ఉంచితే నీకేం పోయింది?”

“అక్కా, నాతో కూడా మాట్లాడింది పలక. నాకూ పోయింది.”

అక్క భుజాలు అప్పుడు కదిలాయి. చెల్లెలు దగ్గరికి వెళ్ళి వెనక నుంచి పట్టుకుంది. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకున్నప్పటి పట్టు అది. అక్క విడిపించుకోలేదు.

గువ్వకి ఇవేవీ పట్టలేదు. అడ్డంగా ఉన్న అట్టని పడదోసి, బల్ల మీది బొమ్మలన్నీ ఒకచోటికి లాక్కుంది. ఉయ్యాల బొమ్మ దొరకగానే దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది. బావ మరదలి కాగితం అంచున ఉన్న మాట చదివి, గభాల్న తలెత్తాడు.

“అయిదోదానికి ఊగిందని రాశావు. అప్పుడు తన ఎదురుగా ఉన్నది ఉయ్యాలే! అంటే… అంటే తను చెప్పింది! మనం పలక చూస్తూ కూర్చున్నాం గానీ, తను చెప్పింది!”

చెల్లెలికి ఔను బావా, అని అరవాలనిపించింది. నాలుక చివరి దాకా వచ్చిన మాటని కష్టపడి మింగింది.

“కావచ్చు బావా. కాకపోవచ్చు కూడా. గువ్వ ఊరికే కూడా ఊగుతుంది కదా, రోజుకి ఇరవై సార్లు. మనకి నచ్చింది కనక ఒక్కసారికే నమ్మేస్తే, పలకని నమ్మినట్టే అవుతుంది. ఇదీ పరీక్షకి నిలబడాలి. ఉయ్యాల బొమ్మ చూసినప్పుడు ఎన్నిసార్లు, బంతి చూసినప్పుడు ఎన్నిసార్లు, రోజూ రాసుకుందాం. మాటలు రాని పిల్లలకి బొమ్మలతో అడగడం, చెప్పడం నేర్పేవాళ్ళున్నారు. వాళ్ళు చెయ్యి పట్టుకోరు. పిల్ల తనంతట తను తీసి ఇచ్చేదాకా ఆగుతారు.”

“ఎన్నాళ్ళు ఆగాలి?” అంది అక్క.

“తెలీదక్కా. నిజంగా తెలీదు.”

తెలీదన్న మాట విని అక్క మొదటిసారి చెల్లెలి ముఖంలోకి సూటిగా చూసింది. ఏడు నెలలుగా ఆ ఇంట్లో అన్నీ తెలిసినట్టే ఉన్నాయి. తెలీదని ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో.

బావ కవర్లు ఏరి చెత్తబుట్టలో వేశాడు. పని ముగిసిన మనిషిలా ఊపిరి వదిలి, టీచరు వైపు తిరిగాడు. కోపం అప్పుడొచ్చింది అతనికి. “అంటే మందు వద్దని రాసింది కూడా మీరేనన్నమాట. పిల్ల ప్రాణం మీదికొచ్చే మాట. దాని తలలో ఏం జరుగుతోందో మీకెలా తెలిసిందండీ?”

టీచరు తడబడుతూ లేచింది. “మందు సంగతి నా చేతిలో రాలేదండీ.”

“మరి?”

“ఆ వారం నేను రానేలేదు. పన్ను పీకించుకుని ఇంట్లో పడుకున్నాను. ఆ మాట వచ్చిందని అమ్మగారు ఫోన్‌లో చెప్తేనే తెలిసింది నాకు.” ఆమె అక్క వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. చెప్పకూడనిది చెప్పానేమోనన్నట్టు.

బావా చెల్లెలూ ఒకేసారి అక్క వైపు తిరిగారు.

“చెయ్యి ఎలా పట్టుకోవాలో టీచరుగారే నేర్పారు” అంది అక్క. “సాయంత్రాలు నేనే పట్టుకునేదాన్ని. నాతో ఇంకా తొందరగా రాసేది. ఎంత బాగా రాసేదో.” అక్కడ ఆగిపోయి, తన కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుంది. ఆ మందు పడ్డ దగ్గర్నుంచి పిల్ల మగతగా ఉంటోందని, ముఖంలో ఆ కళ పోయిందని, రెండేళ్ళుగా ఆ ఇంట్లో పదే పదే అన్నది ఎవరో బావకీ చెల్లెలికీ గుర్తుంది. అక్కకీ గుర్తొచ్చినట్టుంది.

“సరే” అన్నాడు బావ, కోపం ఎక్కడ పెట్టాలో తెలియక. “అయిందేదో అయింది. మందు ఆపే మాట ఇక ఈ ఇంట్లో వద్దు. అంతే కదా?”

అక్క వెళ్ళి గువ్వ జుట్టు సవరించసాగింది.

“అక్కా” అంది చెల్లెలు. “మందు ఇస్తున్నావు కదా?”

“తొమ్మిది రోజులైంది” అంది అక్క. “పొద్దునా సాయంత్రం మీరు చూసేది బలానికిచ్చే మాత్ర. ఇదీ తెల్లగానే ఉంటుంది.”

బావ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలు అప్పటికే ఫోన్ తీసింది. గువ్వని చూసే పిల్లల డాక్టరు రెండో రింగుకే ఎత్తింది. చెల్లెలు స్పీకరు పెట్టి, రెండు ముక్కల్లో సంగతి చెప్పింది.

“ఒక్కసారిగా ఆపేశారా?” డాక్టరు గొంతులో తిట్టే తీరిక లేదు. “వినండి. పాత మోతాదు మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి. పిల్లని తీసుకుని ఇప్పుడే బయల్దేరండి, నేను ఆస్పత్రిలోనే ఉన్నాను. ఆపిన తర్వాత మళ్ళీ ఏమైనా వచ్చిందా?”

“లేదు డాక్టర్” అన్నాడు బావ. “రెండేళ్ళుగా…”

“నిన్న మధ్యాహ్నం” అంది అక్క.

గువ్వ కుర్చీ కిర్రుమంటూనే ఉంది.

“కళ్ళు పైకెళ్ళిపోయాయి. చెయ్యి కొట్టుకుంది. మీరు డ్యూటీలో ఉన్నారు” అంది అక్క, డాక్టరుకి కాదు, భర్తకి. “తగ్గాక భయమేసి పలక తెచ్చాను. చెయ్యి పట్టుకుని, ఏమైందమ్మా అని అడిగాను. ‘ఏం కాలేదమ్మా, భయపడకు’ అని రాసింది.”

డాక్టరు అడిగింది. “ఎంతసేపు ఉంది?”

“తెలీదు.”

“సరే. ఆ ఒక్కసారేనా?”

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. చెయ్యి ఎత్తి వేళ్ళు చూపించింది. ఫోన్‌లో ఉన్న డాక్టరుకి ఆ వేళ్ళు కనపడవు. పిల్లని ఎత్తుకోవడానికి బావ అప్పటికే గువ్వ దగ్గరికి పరుగెత్తాడు.

“కాదు డాక్టర్” అంది చెల్లెలు. ఆ వేళ్ళు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంది. “నాలుగుసార్లు.”